పెద్దమ్మ అనని మాట

పోయిన మంగళవారం వసంత మా ఇంటికి వచ్చింది. ఆమె కూతురికి ఈ ఆదివారం సీమంతం, మా పుదుచ్చేరిలోని సారం పేటలో, వాళ్ళ ఇంట్లోనే. పసుపు, కుంకుమ, తమలపాకుల మీద పిలుపు కార్డు పెట్టి పళ్ళెం నా భార్య చేతికిచ్చింది. మా పెద్దమ్మ సరోజమ్మ లోపలి గదిలో ఉంది. ఎనభై దాటిన మనిషి, వసంత గొంతు గుర్తుపట్టి కర్ర వెతుక్కుంటూ లేవబోయింది. వసంత అది చూసి గొంతు తగ్గించి నాతో అంది: "అన్నా, తప్పుగా అనుకోవద్దు. మీ ఇంట్లో అందర్నీ పిలవమనింది మా అత్త. పెద్దమ్మను మాత్రం వద్దనింది. నేనేం చేసేది, చెప్పండి?"

వసంత అత్త రుక్మిణమ్మను నేను రుక్కత్త అంటాను. ఆమె, మా పెద్దమ్మ ఒకప్పుడు రోజుకొక్కసారైనా కలిసి కాఫీ తాగకపోతే తోచనివాళ్ళు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళుగా మాటల్లేవు. పెద్దమ్మ తన గురించి హేళనగా మాట్లాడి, నాతో రాయించి పత్రికకు ఎక్కించిందని రుక్కత్త నమ్మకం. ఊళ్ళో మావాళ్ళందరి నమ్మకమూ అదే. ఆ మాట పెద్దమ్మ ఏనాడూ అనలేదు. అది నేను కల్పించి రాశాను. నాకు చిన్న చిన్న హాస్య రచనలు రాసేవాడిగా కాస్త పేరుంది, నాలుగు పుస్తకాలున్నాయి. ఈ విద్య ఎక్కడ నేర్చారని సభల్లో ఎవరైనా అడిగితే, సముద్రం ఒడ్డున కూర్చుని మనుషుల్ని చూస్తూ నేర్చుకున్నానని చెబుతూ వచ్చాను. అదీ అబద్ధమే. నేర్చుకున్నది మా గాజుల అంగట్లో, పెద్దమ్మ పక్కన కూర్చుని. తప్పు ఒప్పుకోవడానికే ఇది మొదలుపెట్టినా, ముందు ఆ చదువు సంగతి చెప్పకుండా ఉండలేను.

మా అంగడి పెద్ద మార్కెట్టు పక్క సందులో ఉండేది. అడుగు పెట్టగానే ముందు సాంబ్రాణి వాసన, దాని వెనక ఎండుగడ్డి వాసన, ఆ వెనక కొబ్బరినూనె. గాజులు గడ్డిలో చుట్టుకుని వచ్చేవి కాబట్టి ఎంత ఊడ్చినా ఏదో మూల గడ్డిపోచ ఉండేది. పొద్దున పదిన్నర ప్రాంతంలో వీధివైపు నుంచి ఎండ లోపలికి వస్తే, అరల్లోని పచ్చ, ఎరుపు, నీలం కలిసి ఎదుట నిలబడ్డ ఆడవాళ్ళ మొహాల మీద పడేవి. పెద్దనాన్న వారానికొకసారి సరుకు కోసం మద్రాసు పోయేవాడు, మిగతా రోజులు గల్లా దగ్గర కూర్చుని వక్క నమిలేవాడు. తొడిగే పని పెద్దమ్మది. ఎత్తు తక్కువ పీట మీద కూర్చుని, ఎదుటామె చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, బొటనవేలి కింద ఎముకను రెండు వేళ్ళతో నొక్కి, చుక్క నూనె రాసి గాజు ఎక్కించేది. మా అంగట్లో 'పగిలింది' అనే మాట నిషేధం. గాజు పోతే పెద్దమ్మ ముక్కలు పక్కకు తోసి, "ఇది నీది కాదంట. నీది ఎనకాల వస్తాండాది, ఉండు" అనేది.

ఎవరి చెయ్యయినా పట్టుకోగానే బిగుసుకుంటుంది. బిగిసిన చేతికి గాజు ఎక్కదు. వదులు చెయ్యమ్మా అంటే ఇంకా బిగుస్తుంది. దీనికి పెద్దమ్మ దగ్గర ఉన్న మందు కత. కత అంటే ఏ రాజుదో కాదు, మా ఇంట్లో జరిగినదే, గాజు వేళ్ళ మొదట్లో ఉన్నప్పుడు మొదలై ఎముక దగ్గరికి వచ్చేసరికి ముగిసేది. ఆఖరు మాటకు ఎదుటామె నవ్వేది. ఆ నవ్వుకు చెయ్యి మెత్తబడేది. ఆ ఒక్క క్షణంలో గాజు మణికట్టు మీద ఉండేది! నవ్వు ముందే వస్తే చెయ్యి కదిలి గాజు పోతుంది. ఆలస్యమైతే చెయ్యి నొప్పి పుట్టి మళ్ళీ బిగుస్తుంది. "నవ్వితే మనిషి వదులైతాది. చెయ్యి మనిషిలోదే గదా" అనేది పెద్దమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతి అయినట్టు.

నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. కాలేజీ మధ్యాహ్నానికి అయిపోయేది, సెలవుల్లో రోజంతా అంగట్లోనే. ఒకరోజు ఒక విషయం గమనించాను. ఆ ముందురోజు పెద్దనాన్న మద్రాసు నుంచి గాజుల బుట్టతో బస్సులో వచ్చాడు. ఆ సంగతి పెద్దమ్మ పొద్దున మొదటి బేరానికి చెప్పింది. అందులో పెద్దనాన్న దిండివనంలో తిన్న ఇడ్లీ ఉంది, బుట్ట రంగు ఉంది, కండక్టరు మీసం ఉంది. మొదటామె మర్యాదకు నవ్వింది. రెండో చేతికి ఇడ్లీ పోయింది. మూడో చేతికి మీసం, బుట్ట రంగు పోయాయి. పన్నెండు గంటలకు ముదలియార్‌పేట నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని ఆమె చెప్పింది ఇంతే:

"మీ అన్న ఒళ్ళో బుట్ట పెట్టుకొని బస్సులో కూచున్నాడు. లగేజీకి టికెట్టు అడుగుతారని భయం. 'ఏముంది దాంట్లో?' అనె కండక్టరు. 'ఏమీ లేదు' అనె ఈయన. బస్సు గుంతలో పడె. కండక్టరు అనె, 'ఏందయ్యా, నీ ఏమీ లేదు ఇంత సద్దు చేస్తాండాది?'"

పెళ్ళికూతురు విరగబడి నవ్వింది. అరడజను గాజులు ఒక్క దెబ్బకు ఎక్కాయి. గల్లా దగ్గర పెద్దనాన్న తన మీద పడిన ఆ నవ్వుకు తానూ వక్క బయటికి వచ్చేలా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు, లెక్కపెడుతున్నాను, పొద్దున్నుంచి ఎన్ని మాటలు పోయాయా అని. ఒక మనిషి నా కళ్ళ ముందు గాలిలో దిద్దుబాటు చేస్తోంది, కాగితం లేకుండా, కలం లేకుండా! ఆమెకు తమిళం చదవడమే కూడబలుక్కోవాలి, తెలుగు అక్షరం అసలే రాదు.

ఉత్సాహం ఆపుకోలేక ఆ సాయంత్రమే నేనూ తొడుగుతానని పీట ఎక్కాను. పూలమ్మే ముసలామె ఒకతె చెయ్యి ఇచ్చింది. మా కాలేజీలో జరిగిన ఒక తమాషా మొదలుపెట్టాను. ముందుగా కాలేజీ ఎలా ఉంటుందో చెప్పాలి కదా అని చెప్పాను. తర్వాత లెక్చరరు స్వభావం. తర్వాత వాన. ఆమె చాలాసేపు ఓర్చుకుని, "అబ్బయ్యా, కత అయినంక పిలువు, నేను పూలు అమ్ముకొని వస్తా. చెయ్యి తిమ్మిరెక్కింది" అంది. ఆ రోజు నా చేతిలో నాలుగు గాజులు పోయాయి. పెద్దమ్మ ముక్కలు ఊడుస్తూ, "వాన ఎందుకురా పడె?" అని అడిగింది. వాన నిజంగానే పడిందన్నాను. "పడితే పడనీ. కతలో తడిసినోళ్ళు ఎవురు?" ఎవరూ లేరు. "మరి ఎందుకు?" ఇంతకంటే మంచి పాఠం తర్వాత నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఊరంతా తలుపులు దించుకుంటుంది. ఆ మూడు గంటలు అంగట్లో సగం దించిన షట్టరు కింద, చల్లటి నేల మీద, పెద్దమ్మ పడుకుని చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి. మా ఇంట్లో తెలుగు అక్షరం వచ్చినవాడు తాత ఒక్కడే. ఆయన నాకు పలక మీద నేర్పి పోయాడు. ఆయన పేరున పోస్టులో వచ్చే తెలుగు వారపత్రికను నేను కొనసాగించాను. అందులో అరపేజీ హాస్యానికి ఒక శీర్షిక ఉండేది. బుట్ట కత అక్కడికి పంపాను. అచ్చయింది! పోస్టుమాన్ చేతిలోంచి లాక్కుని, వీధిలోనే విప్పి, చెమట చేతులకు సిరా అంటుతుంటే అంగడికి పరుగెత్తాను. కింద నా పేరు, జి. మురళి, పుదుచ్చేరి అని ఉంది. పెద్దమ్మకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, "బాగుండాది. కానీ రోడ్డు బాగలేదని ముందే చెప్పేసినావే. గుంత వస్తాదని వాళ్ళకు తెలియకూడదు, కండక్టరుకే తెలియదు గదా" అంది. రాసిన నేను చూడలేదు, అచ్చువేసిన సంపాదకుడూ చూడలేదు, చదవడం రాని మనిషి ఒక్కసారి వినగానే పట్టేసింది. సిగ్గుపడాల్సింది పోయి ఆనందంతో గెంతాను.

నీ పేరు కూడా వెయ్యమని రాస్తానన్నాను. మొదటిసారి మనస్ఫూర్తిగానే అన్నాను. "నా పేరు యాడేసుకునేది, చదివేదానికి రాదు. ఒకటి మాత్రం ఇను. నవ్వు మనింటి మీదనే పడాల. మన చెయ్యి నమ్మి ఇచ్చినోళ్ళ మీద పడకూడదు. వాళ్ళ చెయ్యి ఒళ్ళో పెట్టుకొని వాళ్ళనే నవ్వితే, రేపు ఎవురు ఇస్తారు చెయ్యి?" సరేనన్నాను. ఆ తర్వాత ఏడాదిలో పదకొండు అచ్చయ్యాయి. అన్నీ ఆమెవే. పేరు గురించి నేను రెండోసారి అడగలేదు.

రుక్కత్త సంగతికి వస్తాను. అప్పట్లో వాళ్ళది ఒర్లియంపేటలో మా వీధే. మొగుడికి పిండిమర ఉండేది, కానీ నడిపింది ఆమె. పిండి డబ్బాలు ఎత్తి ఎత్తి ఆమె చేతులు మగవాళ్ళ చేతుల్లా గట్టిపడి ఉండేవి. నోరు మాత్రం సన్న కత్తి. ఒక దీపావళికి ముందు అంగటికి వచ్చింది. ఆ రోజు జరిగింది పెద్దమ్మ మర్నాడు ఇలా చెప్పింది:

"కంటితో చూసి కొలత చెప్తానని నాకు పాతికేండ్ల గొప్ప. రుక్కు చెయ్యి చూసి రెండు ఆరు అన్నా. ఒకటి పాయె. రెండు పాయె. నా మాట నెగ్గాలని నేను. తొమ్మిది పాయె. రుక్కు అనె, 'సరోజా, నా చేతికి సరిపోయే కన్ను ఏదన్నా ఉంటే చూపీ.'"

చూశారా, అందులో ఓడింది పెద్దమ్మ, గెలిచింది రుక్కత్త. ఆఖరు మాట, అంటే అన్నిటికంటే మంచి మాట, తన స్నేహితురాలి నోటికే వదిలిపెట్టింది. నాకది అప్పుడు తెలియలేదు. అంతకుముందు పంపిన రెండు తిరిగివచ్చాయి, పెద్ద నవ్వు కావాలని నాకు తహతహ. రుక్కత్త మాట తీసేశాను. 'మా ఒర్లియంపేట పిండిమర ఇంటావిడ' అని మొదలుపెట్టి, ఆఖర్న ఇలా రాశాను: 'ఆమె చెయ్యి మెట్లెక్కి వస్తుండటం చూసి గాజులు పెట్టెలోనే ప్రాణాలు విడిచాయి.' ఆనవాలు ఎందుకు దాచలేదంటే, దాచాల్సిన అవసరమే కనబడలేదు. మా ఊళ్ళో మావాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది తమిళం. తాత పోయాక తెలుగు అక్షరం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. ఎవరి గురించి ఏం రాసినా వాళ్ళ ఎదుటే నిలబడి నవ్వవచ్చు అనుకున్నాను. పెద్దమ్మకు చదివి వినిపించినప్పుడు కూడా ఆమె చెప్పినట్టే చదివాను, కాగితం మీద లేనిదాన్ని.

ఆ నెలలోనే రుక్కత్తకు నెల్లూరు నుంచి వసంత కోడలిగా వచ్చిందని తెలుసు, పెళ్ళికి వెళ్ళి భోంచేశాను కూడా. నెల్లూరి పిల్లకు తెలుగు చదవడం వస్తుందన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు! మా ఊరి మనిషి మాత్రమే చేయగల పొరపాటు ఇది. పుట్టింటి నుంచి వసంతకు అదే పత్రిక పంపేవారట. కొత్త కోడలు, అత్త మెప్పు కోసం, "అత్తా, మన వీధి పేరు పుస్తకంలో పడింది" అని మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న చోట గట్టిగా చదివింది. ఆఖరు వాక్యం నోట్లోంచి వచ్చేదాకా తానేం చదువుతోందో ఆ పిల్లకు తెలియదు.

మర్నాడు రుక్కత్త అంగటికి వచ్చి పీట ముందు కూర్చుని చెయ్యి చాపింది. నేను అరలు తుడుస్తున్నాను.

"వెయ్యి సరోజా. ఈ పొద్దు ఎన్ని ప్రాణాలు పోతాయో చూద్దాం" అంది.

"ఏంది రుక్కూ ఆ మాట?" అంది పెద్దమ్మ, నవ్వబోతూ.

"నా చెయ్యి మెట్లెక్కి వస్తే గాజులు పెట్టెలోనే చచ్చిపోయినాయంటివే. నా కోడలు చదివి ఇనిపించింది. మన ఇద్దరి మధ్య జరిగింది నేను ఎవురికీ చెప్పలా. చెప్పింది ఎవురు మరి?"

పెద్దమ్మ నావైపు చూసింది. ఒక్కసారే. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది, మొహమే చెప్పేసి ఉంటుంది. ఆమె మళ్ళీ రుక్కత్త వైపు తిరిగి, "నేనే చెప్పినా. నా నోరు అట్లాంటిది" అంది. నేను నోరు తెరవలేదు. 'కాదు' అన్న రెండక్షరాలు చాలు, చిన్న మాటలతో పెద్ద పని చేయించడం నేర్చుకుంటున్నవాణ్ణి, ఆ రెండక్షరాలు రాలేదు. రుక్కత్త చెయ్యి వెనక్కి తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గాజులకు వేరే వీధికి పోయేది. కొన్నాళ్ళకు వాళ్ళు సారానికి ఇల్లు మారారు.

పెద్దమ్మ నన్ను ఏమీ అనలేదు. అంగట్లో కతలు మాత్రం మానేసింది. "చెయ్యి వదులమ్మా, వదులు" అనడం మొదలుపెట్టింది, ఆ మాటకు ఎవరి చెయ్యీ వదులవదని ఆమెకే బాగా తెలుసు. నాకు మాత్రం ఆ రచనకు ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. నా మొదటి పుస్తకంలో ముందు అచ్చయింది అదే. సభల్లో చదవమని అడిగేది అదే. ఎన్నో ఊళ్ళలో, ఎందరో నవ్వారు. ఇప్పుడు ఆ అంగడి స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. గాజులు ఆడవాళ్ళే పెట్టెల్లో కొని ఇంట్లో తొడుక్కుంటున్నారు. నేను ఫోనులో రాసి పంపితే అయిదు నిమిషాల్లో వందమంది నవ్వు బొమ్మలు పెడతారు. ఆ వందమందిలో ఎవరి చెయ్యయినా వదులైందో లేదో నాకు తెలియదు. ఆ రోజుల్లో నా వాక్యం బాగుందో లేదో ఎదుట మనిషి మణికట్టు చెప్పేది. అంత నిజాయితీగల పాఠకులు నాకు మళ్ళీ దొరకలేదు, వాళ్ళను పోగొట్టింది నేనే.

వసంత వెళ్ళిపోయాక పెద్దమ్మ కర్ర గోడకు ఆనించి మళ్ళీ పడుకుంది. మర్నాడు పొద్దునే నేను సారం పోయాను. రుక్కత్త వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది. పాత పత్రిక తీసి నేను రాసింది చదివాను. తర్వాత పెద్దమ్మ చెప్పింది చెప్పాను, ఒక్క మాట కలపకుండా, ఆఖర్న రుక్కత్త మాటతో సహా. మార్చింది నేను, ఆ రోజు గుడ్డ పట్టుకుని నోరు మూసుకున్నది నేను అన్నాను. ముప్ఫై ఏళ్ళ బరువు, చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

ఆమె చేతిలో మునగరెమ్మ అలాగే ఉంది. "మరి నా మాట ఏమాయెరా? అంత మంచి మాట అన్నా గదా నేను" అంది.

"తీసేసినా అత్తా."

"తీసేస్తివా!" అని మునగరెమ్మ పక్కన పడేసింది. హేళన చేసినందుకంటే మాట కొట్టేసినందుకే ఎక్కువ కోపం వచ్చినట్టుంది. "చుమ్మా అట్లా ఊరికే నిలబడొద్దు. పో, దాన్ని తోడుకొని రా."

ఆటోలో పెద్దమ్మ చీర కొంగు నాలుగుసార్లు సర్దుకుంది. వరండా మెట్ల దగ్గర నేను చెయ్యి పట్టుకోబోతే వసంత వచ్చి పట్టుకుంది. ఇద్దరు ముసలివాళ్ళూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"నేను అనలేదని ఆ పొద్దే చెప్పుంటే ఏమే?" అంది రుక్కత్త. "ముప్ఫై ఏండ్లు నిన్ను తిట్టుకుంటా ఉండిపోతిని."

"చెప్పుంటే వీడు భయపడి రాసేది మానేసుండేవాడు రుక్కూ. అప్పుడప్పుడే చెయ్యి తిరగతా ఉండె" అంది పెద్దమ్మ.

ఆ సంగతి నాకు ఆ క్షణందాకా తెలియదు. ఏదో అనాలని ముందుకు వంగాను.

రుక్కత్త నన్ను ఎగాదిగా చూసి, పెద్దమ్మ వైపు తిరిగింది.

"మానేసుంటే ఏం పోయుండేదే?" అంది.

ముందు వసంత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత పెద్దమ్మ నవ్వింది, ఊపిరి అందక రుక్కత్త భుజం పట్టుకునేంతగా. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. ఇంటికి వచ్చి ఇదంతా రాసి, పెద్దమ్మకు చదివి వినిపించాను, ఈసారి కాగితం మీద ఉన్నదే.